అన్నం పక్కకు, పప్పు ముందుకు
బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత మన ఇంటి భోజనం ఎలా ఉండాలి?

పల్నాడులోని శావల్యాపురం నుంచి గుంటూరుకో, విజయవాడకో, హైదరాబాదుకో వెళ్లి బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక ఆహార పట్టిక ఇస్తారు. మొదట పలుచని ద్రవాలు, తర్వాత చిక్కని ద్రవాలు, ఆపైన మెత్తని ఆహారం, చివరికి మామూలు భోజనం అని అందులో ఉంటుంది. సూప్, స్మూతీ, యోగర్ట్, గ్రిల్డ్ చికెన్ లాంటి పేర్లుంటాయి. పట్టిక సరైనదే. అయితే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, గోంగూర పచ్చడి, చారు, పెరుగు, రాత్రికి మళ్లీ అన్నం అనే వరుసలో నడిచే ఇంట్లో దాన్ని ఎలా అమలుచేయాలో ఆ కాగితం చెప్పదు. వండే తల్లికి, వడ్డించే భార్యకు, కూరగాయలు తెచ్చే భర్తకు అది అర్థం కావాలి.

ఆపరేషన్ చేసిన డాక్టరు పొట్ట పరిమాణాన్ని మార్చగలరు. ఆ చిన్న పొట్టలోకి ముందు ఏది వెళ్లాలో మాత్రం కంచం దగ్గరే తేలుతుంది. మన భోజనంలో అన్నం ప్రధానం. పప్పు, కూర, గుడ్డు, చేప అందులో కలుపుకోవడానికో నంజుకోవడానికో ఉంటాయి. ఆపరేషన్ తర్వాత ఈ వరుస తిరగబడాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు అసలు భోజనం కావాలి. అన్నం పక్కకు జరగాలి. ఈ ఒక్క మార్పు ఇంట్లో కుదిరితే మిగతా జాగ్రత్తల్లో చాలావరకు దాని వెంటే వస్తాయి.

ఈ ఆపరేషన్ ఎవరికి?

2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సుమారు 36 శాతం మంది, పురుషుల్లో సుమారు 31 శాతం మంది ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారు. దేశ సగటు మహిళల్లో 24 శాతం, పురుషుల్లో 23 శాతం దగ్గరుంది. అంటే స్థూలకాయం పట్నాల సమస్య మాత్రమే అనుకునే కాలం పోయింది.

అధిక బరువున్న వారందరికీ ఆపరేషన్ అవసరం లేదు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎమ్‌ఐ, చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. చాలాకాలం పాటు 40 దాటినవారికి, లేదా 35 దాటి షుగర్, బీపీ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటివి ఉన్నవారికి మాత్రమే సూచించేవారు. మనవారికి తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు వస్తున్నాయి కాబట్టి ఆసియా ప్రజలకు 27.5 నుంచే ఈ చికిత్సను పరిశీలించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు మార్గదర్శకాలు ఇచ్చాయి. పరిశీలించవచ్చు అంటే ఆ అంకె దాటిన ప్రతివారూ చేయించుకోవాలని కాదు.

దీని లాభం బరువుతో ఆగదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో షుగర్ ఉన్న 150 మందిపై జరిగిన పరిశోధన ఐదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. మందులతోనే చికిత్స పొందినవారిలో 5 శాతం మందికే మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6 శాతానికి లేదా అంతకన్నా కిందికి వచ్చింది. ఈ ఆపరేషన్లలో బైపాస్ రకం చేయించుకున్నవారిలో 29 శాతం, స్లీవ్ రకం చేయించుకున్నవారిలో 23 శాతం మంది ఆ స్థాయికి చేరారు. అదే సమయంలో మిగిలినవారు చేరలేదన్న సంగతీ ఈ అంకెల్లోనే ఉంది. ఆపరేషన్‌తో షుగర్ అందరికీ పోతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

లోపల ఏం మారింది?

మన దగ్గర ఎక్కువగా జరిగేవి రెండు రకాలు. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. పేగుల జోలికి పోరు. బైపాస్‌లో పొట్ట పైభాగాన చిన్న సంచిని వేరుచేసి, దాన్ని చిన్నపేగులో కొంత కిందికి తీసుకెళ్లి అతుకుతారు. తిన్నది పొట్టలో ఎక్కువ భాగాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా వెళుతుంది. మొదట్లో ఆ సంచిలో పట్టేది 30 మిల్లీలీటర్లే, అంటే రెండు పెద్ద చెంచాలంత.

ఆకలి తగ్గడానికి పొట్ట చిన్నదవడం ఒక కారణమే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా పొట్ట పైభాగంలో తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది. ఆహారం పేగుల్లోకి త్వరగా చేరడం వల్ల కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు పెరుగుతాయి. అందుకే మొదటి నెలల్లో చాలామందికి ఆకలే ఉండదు. ఇష్టమైన కూర వాసన కూడా పడకపోవచ్చు. ఇంట్లోవాళ్లు చూసి భయపడతారు. అది ఆపరేషన్ పనిచేస్తున్న తీరు. అయితే ఆకలి లేదని తినడం మానేస్తే కండ కరిగిపోతుంది. అందుకే ఈ కాలంలో ఆకలిని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి తినాలి.

మొదటి రెండు నెలలు

ప్రతి ఆసుపత్రికీ తన లెక్క ఉంటుంది. మీ సర్జన్ ఇచ్చిన తేదీలనే పాటించండి. స్థూలంగా మొదటి రెండు వారాలు ద్రవాలు, మూడు నాలుగు వారాల్లో మిక్సీ పట్టిన మెత్తని ముద్ద, ఐదు ఆరు వారాల్లో చేతితో నలిగేంత మెత్తని ఆహారం, రెండో నెల చివరికి మామూలు భోజనం చిన్న మొత్తంలో. లోపల వేసిన కుట్లు మానడానికి ఈ గడువు. ఆకలి వేస్తోందనో, బాగానే ఉందనో ముందుకు దూకకూడదు.

ద్రవాల దశలో మన ఇంట్లో దొరికేవి చాలానే ఉన్నాయి. వడకట్టిన పప్పుకట్టు, కారం లేని చారు తేట, పలుచని మజ్జిగ, వెన్న తీసిన పాలు, వడకట్టిన కోడి రసం. ఇక్కడ ఒక అపోహ ఉంది. పప్పుకట్టు, రాగిజావ తాగితే బలం వస్తుందని మన పెద్దల నమ్మకం. పప్పుకట్టు తేటలో మాంసకృత్తులు చాలా తక్కువ. జావలో ఎక్కువ భాగం పిండిపదార్థమే. ఇవి గొంతు తడిపి ఓపికనిస్తాయి కానీ కండను కాపాడలేవు. అందుకే డాక్టర్లు ఈ దశలో ప్రొటీన్ పొడిని పాలలోనో మజ్జిగలోనో కలిపి తాగమంటారు.

దీనిమీద ఇంట్లో గొడవ రావచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దని ఉంది. పత్రికల్లో అది చదివిన కొడుకో అల్లుడో పొడి డబ్బా పక్కన పెట్టించవచ్చు. ఆ సలహా మామూలుగా తినగలిగే ఆరోగ్యవంతులకు. ఒక పూటకు నాలుగు చెంచాలు కూడా పట్టని పొట్టకు అది వర్తించదు. ఏ పొడి, ఎంత, ఎన్నాళ్లు అన్నది ఆసుపత్రిలోని డైటీషియన్‌ను అడగండి. మూత్రపిండాల జబ్బు ఉంటే తప్పకుండా అడిగాకే వాడండి.

మెత్తని దశలో ముద్దపప్పు, గిలక్కొట్టి మెత్తగా ఉడికించిన గుడ్డు, గడ్డపెరుగు, చిదిమిన పనీర్, ముళ్లు తీసి మెదిపిన చేప, ఉడికించి మెదిపిన సొరకాయ, బీరకాయ, గుమ్మడి సరిపోతాయి. కోడికూర కంటే చేప ముందు మొదలుపెట్టడం మంచిది. పీచు తక్కువ, త్వరగా నలుగుతుంది. కోడి మాంసం ముందు కైమాగా, తర్వాత చిన్న ముక్కలుగా పెట్టండి. వేటమాంసానిది అన్నిటికంటే చివరి వంతు. కొత్త పదార్థాన్ని ఒకరోజు ఒకటే రుచి చూపండి. పడకపోతే ఏది పడలేదో తెలుస్తుంది.

కంచంలో వరుస

మామూలు భోజనానికి వచ్చాక రోజుకు కనీసం 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలి. మన లెక్కలో అది ఎంత? ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు. 100 మిల్లీలీటర్ల పాలల్లో, లేదా అంతే పెరుగులో 3 గ్రాముల చొప్పున. వండిన చేప, కోడి 100 గ్రాములకు 20 నుంచి 25 గ్రాములు. చిన్న గిన్నెడు గట్టి పప్పులో 6 నుంచి 8 గ్రాములు. 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాములు. ఎండు మీల్ మేకర్ 25 గ్రాములు నానబెట్టి వండితే 12, 13 గ్రాములు వస్తాయి. ఒక కప్పు అన్నంలో 4 గ్రాములకు మించదు.

ఇప్పుడు చిన్న పొట్టను ఊహించండి. ముందు అన్నం పెడితే నాలుగు ముద్దలకే నిండిపోతుంది. పప్పు, గుడ్డు మిగిలిపోతాయి. రోజంతా ఇలాగే గడిస్తే అందేది 20, 30 గ్రాములే. కొన్ని నెలలకు నీరసం, జుట్టు రాలడం, కాళ్లలో బలం లేకపోవడం మొదలవుతాయి. "ఆపరేషన్ చేయించుకొని పాడైపోయింది" అనే మాట ఊళ్లో అప్పుడే పుడుతుంది.

అందుకే వడ్డించేటప్పుడే వరుస మార్చండి. ముందు గుడ్డో చేపో గట్టిపప్పో తినాలి. తర్వాత రెండు మూడు చెంచాల కూర. ఇంకా చోటుంటే ఆఖరున రెండు చెంచాల అన్నం, లేదా పప్పులో నానిన చిన్న జొన్నరొట్టె ముక్క. కడుపు నిండిందనిపిస్తే అన్నం వదిలేయాలి. కంచం కూడా మార్చండి. పెద్ద స్టీలు కంచంలో ఇంత తిండి వెలితిగా కనిపించి వడ్డించేవారి మనసు ఒప్పదు. టిఫిన్ ప్లేటులో అదే నిండుగా ఉంటుంది.

మూడు నాలుగు నెలలు దాటినవారి రోజు ఇలా ఉండొచ్చు. లేవగానే గ్లాసు పాలు, పంచదార లేకుండా. తొమ్మిది గంటలకు ఒక ఉడికిన గుడ్డు, అరచేతి సగమంత పెసరట్టు. పదకొండింటికి చిన్న గిన్నెడు గట్టి పెరుగు. మధ్యాహ్నం రెండు చేప ముక్కలు, కూర, ఆఖరున రెండు చెంచాల అన్నం. సాయంత్రం బాగా ఉడికిన శనగల గుగ్గిళ్లు గుప్పెడు. రాత్రి గట్టిపప్పు, కొంచెం పనీర్, రొట్టె ముక్క. పడుకునే ముందు మళ్లీ పాలు. ఇదంతా కలిపినా 60 గ్రాములకు అటూఇటూగానే ఉంటుంది. శాకాహారులకు పప్పులు, పెరుగు, పనీర్, మీల్ మేకర్‌తో కూడా లెక్క సరిపోకపోతే పొడిని కొనసాగించాల్సి రావచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పల్నాడులో పచ్చళ్ల మాట ఎత్తకుండా భోజనం గురించి చెప్పలేం. పండుమిరప పచ్చడి, గోంగూర, చింతకాయ శాశ్వతంగా వదులుకోనక్కర్లేదు. మొదటి రెండు నెలలు కారం, పులుపు, నూనె లోపలి పుండును మండిస్తాయి కాబట్టి దూరంగా ఉంచాలి. ఆ తర్వాత వేలి కొసంత నుంచి మొదలుపెట్టవచ్చు. అసలు ప్రమాదం కారంలో కంటే పచ్చడి అన్నాన్ని లాక్కెళ్లే తీరులో ఉంది. వేడన్నం, పచ్చడి, నెయ్యి కలిస్తే అదే ఒక పూట భోజనమైపోతుంది. అందులో మాంసకృత్తులు దాదాపు సున్నా. పచ్చడి తినాలనిపిస్తే గుడ్డుకో పప్పుకో నంజుకోండి.

నమలడం, తాగడం

పప్పన్నం, చారన్నం, పెరుగన్నం మెత్తగా కలిపి ముద్ద చేసి మింగడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పళ్లకు పని తక్కువ. ఇప్పుడు అలా మింగిన ముద్ద సన్నని దారిలో ఇరుక్కుంటుంది. రొమ్ము ఎముక వెనక బరువుగా నొప్పి, నోట్లో నురగలాంటి ఊట, వాంతి వస్తాయి. బియ్యపు మెతుకు, మెత్తని బ్రెడ్, పీచున్న కోడి ముక్క ఇలా ఇరుక్కునే వాటిలో ముందుంటాయి. చెంచాతో, చిన్న మొత్తం తీసుకొని, ఇరవై ముప్పైసార్లు నమిలి, ముద్దకూ ముద్దకూ మధ్య ఆగి తినాలి. భోజనానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు కేటాయించండి. టీవీ ముందు కూర్చుంటే ఇది సాధ్యం కాదు.

రెండో మార్పు నీళ్ల గురించి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. ద్రవం ఉన్న చోటును ఆక్రమిస్తుంది, లేదా ఆహారాన్ని త్వరగా కిందికి తోసేస్తుంది. రెండింట్లో ఏది జరిగినా తినాల్సింది తినలేరు, తిన్నది నిలవదు. మరి చారు, మజ్జిగ అన్నంలో పోసుకుంటే? అది నీళ్లు తాగుతూ తినడమే. చారు తాగాలనుకుంటే భోజనానికి గంట ముందు గ్లాసులో తాగండి. మజ్జిగను మధ్యాహ్నానికి రాత్రికి నడుమ తాగండి. కంచంలోకి గట్టి పెరుగే రానివ్వండి.

సోడా, కూల్‌డ్రింకులు పొట్టను ఉబ్బించి నొప్పి పుట్టిస్తాయి. పంచదార టీ మరో దారి. రోజుకు ఐదుసార్లు టీ తాగే ఇంట్లో ఐదుసార్లు పంచదార లోపలికి వెళుతుంది. గట్టి ఆహారం పట్టని పొట్టలోకి ఇవి సునాయాసంగా జారిపోతాయి. బిస్కెట్లు, జంతికలు, బూందీ కూడా అంతే. బరువు తిరిగి పెరిగేది చాలాసార్లు ఈ దారిలోనే.

అరిసె ముక్క తింటే చెమటలు ఎందుకు?

బైపాస్ చేయించుకున్నవారు అరిసె, బొబ్బట్టు, శ్రీరామనవమి పానకం వంటివి తీసుకున్న పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం రావచ్చు. చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగడం దీనికి కారణం. డాక్టర్లు దీన్ని డంపింగ్ అంటారు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత మరో రకం రావచ్చు. తీపికి స్పందనగా ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. స్లీవ్ చేయించుకున్నవారిలో ఇవి తక్కువగా కనిపించినా అసలు రావని కాదు.

ఊళ్లో దీన్ని దిష్టి అనో, గుండె జబ్బు అనో భయపడతారు. ఏం తిన్నాక, ఎంతసేపటికి వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకుంటే అసలు కారణం మీకే తెలుస్తుంది, డాక్టరుకూ చెప్పగలరు. పండుగనాడు తినాలనిపిస్తే ముందు గుడ్డో పప్పో తిని, ఆ తర్వాత చిన్న ముక్క రుచి చూడండి. ఖాళీ కడుపున తీపి వద్దు.

ఎండ, పొలం, నీళ్లు

ఆపరేషన్ తర్వాత జనం మళ్లీ ఆసుపత్రిలో చేరడానికి ముఖ్య కారణాల్లో ఒంట్లో నీరు తగ్గడం ఒకటి. ఇది పల్నాడుకు చాలా ముఖ్యమైన విషయం. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. మిరపకాయ కోతలు వేసవి అంచుదాకా సాగుతాయి. మామూలు మనిషి దాహం వేసినప్పుడు చెంబెడు నీళ్లు ఎత్తి తాగేస్తాడు. చిన్న పొట్టవారికి అది కుదరదు. పొద్దున్నుంచి తాగకుండా ఉండి సాయంత్రం ఆ లోటు తీర్చుకోలేరు.

రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు లోపలికి వెళ్లాలి. గంటకు 100 మిల్లీలీటర్ల చొప్పున గుక్కగుక్కగా తాగితే పదిహేను గంటల్లో ఒకటిన్నర లీటరు అవుతుంది. సీసా చేతి దగ్గరే ఉండాలి. పొలంలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. మూత్రం ముదురు పసుపుగా ఉన్నా, లేచి నిలబడగానే కళ్లు తిరిగినా నీరు చాలలేదని గుర్తు. తీపి కలిపిన సీసా పానీయాలతో దాహం తీర్చుకోవద్దు.

నడక ఆపరేషన్ మర్నాటి నుంచే మొదలవుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అది కాపాడుతుంది. బరువులు ఎత్తడానికి మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. మిరప టిక్కీలు, ఎరువు బస్తాలు, నీళ్ల బిందెలు ఇంట్లో మరొకరు మోయాలి. ఆ తర్వాత కండ నిలబడాలంటే నడకతో పాటు కండరాలకు పని చెప్పే వ్యాయామమూ కావాలి.

జీవితాంతం వేసుకోవాల్సిన బిళ్లలు

చాలామంది వదిలేసేది, వదిలితే ఎక్కువ నష్టం చేసేది ఇదే. తక్కువ తినడం వల్ల, బైపాస్‌లో పేగులో కొంత భాగం పక్కకు పోవడం వల్ల విటమిన్లు, ఖనిజాలు తగినంత అందవు. మల్టీవిటమిన్, బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం అవసరం. బి12 కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే బిళ్లలు మానేసినా ఏడాది, రెండేళ్లు బాగానే ఉన్నట్టుంటుంది. తర్వాత కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తూలుడు మొదలవుతాయి. అప్పటికి నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

ఇనుము విషయంలో మన ఆడవాళ్లు ముందే లోటులో ఉన్నారు. అదే జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలసరి వచ్చేవారికి ఆపరేషన్ తర్వాత ఈ లోటు ఇంకా పెరుగుతుంది. ఇనుము బిళ్లను కాల్షియం బిళ్లతో కలిపి వేసుకోవద్దు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. టీతో అసలు వేసుకోవద్దు, టీ ఇనుమును ఒంటపట్టనివ్వదు. కాల్షియం ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా వేసుకోవాలి.

బి1 విటమిన్ కథ తెలుగువారు తప్పక తెలుసుకోవాలి. తవుడు తీసిన మరబియ్యం తినే ప్రాంతాల్లో ఒకప్పుడు బెరిబెరి జబ్బు ఉండేది. తవుడుతో పాటు బి1 పోవడమే దానికి కారణం. ఆ జబ్బును పరిశోధించడానికి 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న విభాగం మొదలుపెట్టారు. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ పాత లోపమే ఇప్పుడు ఆపరేషన్ చేయించుకున్నవారికి వాంతుల వల్ల తిరిగి రావచ్చు. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. వాంతులు ఆగకపోతే అది త్వరగా అడుగంటుతుంది. ఒకటి రెండుగా కనిపించడం, తూలడం, అయోమయం వస్తే మెదడుకు దెబ్బ తగులుతోందని అర్థం.

ఇక్కడే ఊళ్లో ఒక ప్రమాదం ఉంది. వాంతులంటే వెంటనే గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. బి1 లేని ఒంట్లోకి ముందు గ్లూకోజ్ వెళితే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చైపోయి పరిస్థితి విషమించవచ్చు. ముందు బి1 ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరికీ కంఠతా రావాలి.

ఫోలిక్ ఆమ్లం కూడా ఈ బిళ్లల్లో ఉంటుంది. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది పేగులకు ఒంటపట్టని స్ప్రూ జబ్బు ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. ఈ రోజు మందుల షాపులో దొరికే బిళ్లను మరిచిపోయి లోపం తెచ్చుకోవడం న్యాయం కాదు.

ఆర్‌ఎంపీకి, మందుల షాపుకు చెప్పాల్సినవి

ఊళ్లో చిన్న జబ్బుకు ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయనకు మీ ఆపరేషన్ సంగతి తెలియాలి. ఒళ్లునొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు, ఇంజెక్షన్లు ఈ పొట్టలో పుండ్లు, రక్తస్రావం తెస్తాయి. ముఖ్యంగా బైపాస్ అయినవారికి ఇవి ముప్పు. నొప్పికి పారాసిటమాల్ అడగండి. బీడీ, చుట్ట, సిగరెట్ కూడా ఆ పుండ్లనే తెస్తాయి. మద్యం ఇదివరకటి కంటే వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. ఆపరేషన్ తర్వాత కొందరు కొత్తగా తాగుడుకు బానిసలయ్యారని పరిశోధనలు చెబుతున్నాయి. దాన్ని పూర్తిగా మానడమే క్షేమం.

షుగర్, బీపీ మందుల మోతాదు తగ్గించాల్సి వస్తుంది. తిండి పావు వంతుకు పడిపోయాక పాత మోతాదులోనే ఇన్సులిన్, షుగర్ బిళ్లలు వాడితే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. మీ అంతట మీరు మానేయకుండా, మొదటి వారంలోనే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి.

బరువు వేగంగా తగ్గే నెలల్లో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. అందుకు కొందరికి ఆరు నెలలు మందు ఇస్తారు. జుట్టు మూడు నుంచి ఆరు నెలల మధ్య రాలి, పోషణ సరిగా ఉంటే తిరిగి వస్తుంది. పెళ్లయిన ఆడపిల్లలు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక బిళ్లలు సరిగా ఒంటపట్టకపోవచ్చు. కాబట్టి వేరే పద్ధతి గురించి డాక్టరును అడగాలి.

జ్వరం, ఆగని గుండెదడ, ఆయాసం, పిక్క వాపు, తీవ్రమైన కడుపునొప్పి, ఒక రోజంతా ఆగని వాంతులు, నల్లని విరేచనం. వీటిలో ఏది కనిపించినా గ్యాస్ బిళ్ల వేసుకొని ఎదురుచూడకూడదు. 108 పిలిచి పెద్దాసుపత్రికి వెళ్లాలి. బైపాస్ అయిన కొన్నేళ్లకు కూడా పేగు లోపల ఇరుక్కొని మెలిపెట్టే నొప్పి రావచ్చు. ఏ ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో తెలిపే డిశ్చార్జి కాగితం ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.

ఉపవాసాలు, దీక్షలు, నలుగురి మాటలు

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల వస్తుంది. ప్రభలు కట్టే ఊళ్లలో పగలంతా ఉపవాసం, రాత్రంతా జాగారం మామూలే. మొదటి ఏడాది ఇలాంటి ఉపవాసం వద్దు. నీళ్లు కూడా తాగని ఉపవాసం అసలే వద్దు. కార్తీక ఉపవాసాలకు, రంజాన్ రోజాలకూ ఇదే మాట. డాక్టరును అడిగి, షుగర్ మందులు సరిచేయించుకున్నాకే ఆలోచించాలి. అయ్యప్ప దీక్షలో మధ్యాహ్నం ఒక్కపూట నిండుగా భిక్ష చేసే నియమం ఉంటుంది. రోజంతటి తిండిని ఈ పొట్ట ఒక్కపూటలో పట్టలేదు. గురుస్వామికి ముందే విషయం చెప్పి, పాలు, పెరుగు, పప్పు చిన్న విడతలుగా తీసుకునే వీలు అడగండి.

పెళ్లిళ్లలో "ఇంకో ముద్ద పెట్టించుకో అమ్మాయ్", "ఏం అల్లుడూ, మా ఇంటి కూర నచ్చలేదా?" అని ప్రేమగా అడుగుతారు. ఆ ప్రేమను కాదనలేక తిన్న రెండు ముద్దలు పక్కకు వెళ్లి కక్కుకునేలా చేస్తాయి. పక్కన కూర్చున్న భార్యో, భర్తో, అక్కో "తనకు అంతే చాలు పిన్నీ" అని ఒక్క మాట అంటే చాలు. ఆ భారం తినేవారి మీద వదిలేయకండి.

ఇంకో బాధ ఉంది. బరువున్నప్పుడు వెక్కిరించిన నోళ్లే తగ్గాక "ఇలా చిక్కిపోయావేం, ఏమైనా జబ్బా?" అంటాయి. చర్మం వదులై ముఖం పీక్కుపోయినట్టున్న ఆ నెలల్లో ఈ మాటలు బాగా గుచ్చుకుంటాయి. ఇదివరకు దిగులు వచ్చినా, కోపం వచ్చినా తిండితో ఊరట పొందినవారికి ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. దిగులు వారాల తరబడి తగ్గకపోతే మానసిక వైద్యుల్ని కలవడం ఈ చికిత్సలో భాగమే.

రెండేళ్ల తర్వాత

బరువు మొదటి ఏడాది, ఏడాదిన్నర వేగంగా తగ్గి, తర్వాత నిలకడకు వస్తుంది. ఆపైన కొంత తిరిగి పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలై నాలుగు వేల మందికి పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో బైపాస్ అయినవారు మొదటి రెండేళ్లలో బరువులో 32 శాతం దాకా తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలూ తక్కువగా నమోదయ్యాయి. కాబట్టి మూడో ఏట నాలుగైదు కిలోలు పెరిగితే అంతా వృథా అయిందని కుంగిపోనక్కర్లేదు. కంచంలో అన్నం మళ్లీ ముందుకు వచ్చిందా, టీలో పంచదార తిరిగి చేరిందా, నడక ఆగిందా అని చూసి సరిచేసుకోవాలి. అప్పటికీ పెరుగుతుంటే దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి; దానికీ మందులున్నాయి, మార్గాలున్నాయి.

మొదటి ఏడాది మూడో నెలలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో రక్తపరీక్షలు చేయించాలి. ఆ తర్వాత ఏటా ఒకసారి, బతికున్నంత కాలం. ఆసుపత్రి దూరమైతే నమూనాలు నరసరావుపేటలోనో వినుకొండలోనో ఇచ్చి, ఫలితాలు సర్జన్‌కు ఫోన్‌లో పంపే ఏర్పాటు అడగండి. బాగున్నామనిపించిన ఏడాది మానేయాలనిపిస్తుంది. లోపాలు చప్పుడు లేకుండా పెరిగేది ఆ ఏడాదిలోనే. ఆపరేషన్ జరిగిన తేదీని పరీక్షల తేదీగా పెట్టుకొని, ఇంట్లో మరొకరు కూడా దాన్ని గుర్తుంచుకునేలా చూడండి. ఆపరేషన్ ఒక్కరికే జరిగినా, దాన్ని నిలబెట్టే పని వండేవారిది, వడ్డించేవారిది, గుర్తుచేసేవారిది కూడా.